అడవి ధర తేలింది

కొండమీది పాత అడవిని కాపాడాలని ప్రభుత్వం గట్టిగా నిర్ణయించింది. మిగిలింది ఒక్క చిన్న సందేహం: ఎందుకు?

అది తీర్చడానికి ఒక నిపుణుణ్ని పిలిపించారు. అడవి కొట్టేసి రాయి తవ్వితే ఎంతొస్తుందో క్వారీ కంట్రాక్టరు అప్పటికే లెక్క చెప్పాడు. ఉంచితే అంతకంటే ఎక్కువ తేలాలి. తేలకపోతే యంత్రాలు కొండెక్కుతాయి. న్యాయం ఆలస్యం కాకూడదని అవి కొండ కింద ఇంజన్లు ఆపకుండా నిలబడి ఉన్నాయి.

అడవిని కాసే రేంజరు నిపుణుణ్ని వాగు దగ్గరికి తీసుకెళ్లాడు.

"ఊరంతా తాగేది ఈ నీళ్లే సార్."

"బిల్లెవరు కడుతున్నారు?"

"బిల్లేంటి సార్, వాగు కదా!"

"అయితే సున్నా," అన్నాడు నిపుణుడు, దోసిలి పట్టి కడుపారా తాగి.

నీడకు అద్దె రావడం లేదు గనుక అదీ సున్నా. పక్షులు ఏ సంఘంలోనూ సభ్యులు కావు గనుక వాటి ప్రస్తావనే రాలేదు.

అయినా నిపుణుడు దయగలవాడు. అడవి ఉండాలంటే నెలనెలా ఎంతిస్తారని ఇంటింటా అడుగుదామన్నాడు. జనం చెప్పిందే విలువ. రేంజరు ప్రాణం లేచొచ్చింది. మొదటి తలుపు తన ఇంటిదే తట్టించాడు. తీసింది అత్తగారు.

"అడవికి నేను డబ్బులివ్వడమేంటి నాయనా? మా అల్లుడు జీతం తీసుకుని కాస్తున్నాడుగా! అయినా అదెక్కడికి పోతుంది?"

ఊరంతా అదే మాట. ఊళ్లో ఉన్న లాయరు పక్కింటాయన్ని అడగమన్నాడు. పక్కింటాయన లాయర్ని చూపించాడు. మొత్తం సున్నా.

మర్నాడే యంత్రాలు కొండెక్కాయి. కాపలాలో అనుభవముందని రేంజర్ని క్వారీ గేటు దగ్గర వేశారు.

ఎండాకాలం వచ్చింది. వాగు రాలేదు. కంట్రాక్టరు ట్యాంకరు వచ్చింది. బిందెతో క్యూలో నిలబడ్డ అత్తగారు అల్లుణ్ని దులిపేసింది.

"ఇంతకింత పోసి నీళ్లు కొంటున్నాం! ఆ అడవికే ఇచ్చుండేవాళ్లం కదయ్యా, నువ్వు కాస్త గట్టిగా అడగొద్దూ?"

నిపుణుడు ఆ క్యూలోనే పాత ప్రశ్న మళ్లీ అడిగాడు. ఈసారి అడవి విలువ క్వారీ ఆదాయానికి పదింతలు తేలింది. మంత్రిగారు సభ పెట్టి, నిపుణుడి మెడలో పతకం వేసి గొంతు సవరించుకున్నారు.

"మన అడవి ఇంత విలువైనదని నిరూపించిన తొలి ప్రభుత్వం మాదే!"

చప్పట్లు మోగాయి. అడవి లేదన్న చిన్న లోపాన్ని ఎత్తిచూపే అమర్యాదస్థులు సభలో ఎవరూ లేరు.

నిపుణుణ్ని ఇప్పుడు మీ ఊరి పక్క అడవికి వేశారు. రేపోమాపో మీ తలుపు తడతాడు. మీకు శ్రమెందుకని జవాబు ముందే సున్నా అని వేసుకున్నాడు. తప్పయితే దిద్దుకుంటాడట.

చెప్పండి, ఎంతిస్తారు?