రాబోయే గిరాకీ

రేపేం జరుగుతుందో ఎవరికీ తెలియదన్న పాతమాట ఇక చెల్లదు. ఆదాయపన్ను శాఖలోని ముందస్తు అంచనాల విభాగం వారు దాన్ని రద్దు చేశారు. మనిషన్నవాడు రాబోయే మూడు నెలల్లో ఎంత సంపాదించబోతాడో ఈరోజే చెప్పి, దాని మీద పన్ను ఈరోజే కట్టి, కట్టిన పన్ను ఎక్కడిదాకా వెళ్ళిందో ఫోన్లో చూసుకుంటూ, ఆ తర్వాత తీరిగ్గా సంపాదించుకోవాలి. (సంపాదన అన్నది పన్ను కట్టినవాడు తీర్చవలసిన బాకీ అని విభాగం వారి నిర్వచనం.) ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని మన పెద్దలు వెక్కిరింతకు అన్నారు. విభాగం వారు దాన్ని నిబంధన చేశారు.

ఈ ఏర్పాటు అందరికీ బాగానే కుదిరింది. బడిపంతులుకు జీతం తెలుసు గనక కుదిరింది. మంగలి వీధిలో తలలు లెక్కపెట్టుకుని ఒక అంకె చెప్పాడు. కుదరనిది ఒక్క పెట్టెలాయనకు.

ఆయన వడ్రంగి. చేసేవి శవపేటికలు. వీధిలో అందరూ పెట్టెలాయన అంటారు, ఏం పెట్టెలో ఎవరూ అనరు. ఆ పనికి తండ్రి నేర్పిన పద్ధతులు కొన్ని ఉన్నాయి. కబురు రానిదే పలక కోయకూడదు. ఎదురైన మనిషిని ముఖం వరకే చూడాలి, చూపు భుజాల మీదికి జారకూడదు. ఒంట్లో ఎలా ఉందని ఎవరినీ అడగకూడదు. ఈ పద్ధతులు పాటిస్తాడు గనకే ఆయన కొట్టు ముందు బల్ల మీద కూర్చుని జనం టీ తాగుతారు. లేకపోతే ఆ వీధిలో ఆయన నీడ పడ్డ చోట కూడా ఎవరూ నిలబడరు.

అలాంటి మనిషి రాబోయే రాబడి చెప్పాలి. అంటే ఏం చెప్పాలో ఆయనకు అర్థమైంది. అర్థమయ్యాక అన్నం సహించలేదు.

ఆయన భార్య తమ్ముడికి సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. అక్క మొహం చూసి బావ పనులన్నీ అతనే ఫోన్లో చక్కబెడతాడు. కిందటిసారి ఎంతొచ్చిందో ఈసారీ అంతే వస్తుందని రాసి మీట నొక్కాడు. బ్యాంకులోంచి డబ్బు రెప్పపాటులో పోయింది. (విభాగం వారి చురుకుదనం అక్కడితో ముగిసింది.)

పన్ను ఎక్కడుందో చూసుకోవడానికి ఒక బొమ్మ ఇచ్చారు. ఒక చివర బ్యాంకు, ఇంకో చివర ఆఫీసు, మధ్య రోడ్డు, రోడ్డు మీద చిన్న బండి. బండి సగం దూరం పోయి ఆగింది. కింద "మీ పన్ను దారిలో ఉంది" అని రాసి ఉంది. ఊరినుంచి బయల్దేరిన చుట్టం గురించి అడిగినట్టు పొద్దున్న లేవగానే భార్య దాని గురించి అడిగేది. నడిచొచ్చినా ఈపాటికి వచ్చుండేదని ఆవిడ అభిప్రాయం.

కొన్నాళ్ళకు బొమ్మ కింద మాట మారింది. అంచనాకు ఆధారం చాలదట. బావమరిది ఆధారం గడిలో "కిందటేడు ఇంతే వచ్చింది" అని రాశాడు. గతాన్ని ఆధారంగా అంగీకరించబోమని జవాబు. "దేవుడి దయ" అని రాశాడు. దయ చూపువారి చిరునామా, ఫోను నంబరు, ఆ నంబరుకు వచ్చిన ఓటీపీ ఇవ్వాలని జవాబు. సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే ఒక ఆడగొంతు, మీరేం అడగబోతున్నారో మేం ముందే అంచనా వేశాం, జవాబు కిందటి నెలలోనే పంపించాం, అని చెప్పి పెట్టేసింది.

చివరికి అసలు మాట వచ్చింది. రాబోయే మూడు నెలల్లో ఆయన సరుకు తీసుకోబోయేవారిలో కనీసం ఒక్కరి పేరు ఇవ్వాలి. ఇస్తే పచ్చటిక్కు పడుతుంది. టిక్కు లేనివాడికి కలప డిపోలో చెక్క ఇవ్వరు. చెక్క లేకపోతే కొట్టు లేదు.

బావమరిది గొంతు తగ్గించాడు. మంగలికి ఎన్నాళ్ళనుంచో దగ్గు తగ్గడం లేదు.

"పేరు రాస్తే పోయేదేముంది బావా?"

"మనిషి," అన్నాడు పెట్టెలాయన.

ఆ మాటతో ఆ పూట లెక్కలు ముగిశాయి. ఏ పేరు రాసినా సరేగానీ మా పుట్టింటి వైపు చూశారంటే మర్యాదగా ఉండదని భార్య వంటగదిలోంచే చెప్పింది.

గోడకు చెవులుంటాయి, సెల్‌ఫోన్ల కొట్టుకు నోరు కూడా ఉంటుంది. పెట్టెలాయన ఒక పేరు ఇవ్వాలట అన్న సంగతి సాయంత్రానికల్లా వీధంతా పాకింది. మర్నాటినుంచి ఆ వీధి ఆరోగ్యం చూడముచ్చటగా తయారైంది. చేతికర్ర లేనిదే కదలని ముసలాయన కర్రను చంకలో పెట్టుకుని కొట్టు దాటాడు. జుట్టు నెరిసిన బడిపంతులు నల్లటి తలతో కనిపించాడు. మంగలి దగ్గును గొంతులోనే నొక్కిపెట్టి, మొహం కందగడ్డలా చేసుకుని, మలుపు తిరిగాక గోడ పట్టుకుని దగ్గేవాడు. (ఈ అభివృద్ధిని వైద్య శాఖ తన ఖాతాలో వేసుకుంది.) కొట్టు ముందు బల్ల ఖాళీ అయింది. టీ గ్లాసు పట్టుకుని పెట్టెలాయన ఒక్కడే కూర్చునేవాడు. ఎవరైనా కనిపిస్తే తనే తల దించుకునేవాడు, పేరు కోసం వెతుకుతున్నాడని అనుకుంటారేమోనని.

ఆఖరి పలక అయిపోయిన రోజు ఆయన చొక్కా మార్చుకుని బావమరిదిని వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్ళాడు. అక్కడ లోపలికి పోవాలంటే ఎంతసేపు కూర్చోబోతున్నారో ముందే రాసివ్వాలి. అరగంట అని రాసినవాడొకడు అరగంట దాటాడని వాళ్ళ ముందే అతన్ని బయటికి పంపారు. బావమరిది సాయంత్రం దాకా అని రాశాడు. సాయంత్రానికి పిలుపు వచ్చింది.

అంచనాల అధికారి మర్యాదస్తుడు, దిట్టమైన మనిషి, ఒక్క నరం కూడా నీరసంగా లేదు. మొత్తం విని, ఇది ఉత్త లాంఛనం అన్నాడు. యంత్రానికి గడిలో పేరుండాలి, అంతే. ఆ పేరు గలవాడు నిజంగా పోవాలని శాఖకేమీ కోరిక లేదు.

"బతికున్నోడి పేరు నా చేత్తో రాయను సార్," అన్నాడు పెట్టెలాయన.

"అదేం పట్టింపండీ? పేరు రాసినంతలో ఎవరైనా పోతారా? ఇటు చూడండి, నా పేరే రాస్తున్నా."

"వద్దు సార్."

అధికారి నవ్వి తన పూర్తి పేరు కొట్టాడు. గడి పచ్చబడి కొలతలు అడిగింది. బతికున్నవాళ్ళకు కొలత తీయకూడదని పెట్టెలాయన నేల చూపులు చూస్తూ చెప్పాడు. పన్నుకు కొలత అక్కర్లేదు, అంచనా చాలు అని అధికారి తన గుర్తింపు కార్డులోంచి పొడుగు ఎక్కించాడు, వెడల్పు కోసం బంట్రోతు చేత భుజాల మీద స్కేలు పెట్టించుకున్నాడు. చెక్క రకం దగ్గర మాత్రం కాస్త ఆలోచించి అన్నిటికన్నా ఖరీదైనది ఎంచాడు. (హోదా అన్నది ఒకటుంటుంది.) ఫోను నంబరు కూడా ఇచ్చి మీట నొక్కాడు. బొమ్మలో బండి కదిలి ఆఫీసు గుమ్మం ముందు ఆగింది.

"చూశారా? నాకేమైనా అయిందా?" అని, ఇక పేరు తీసేద్దామని వెతికాడు. తీసే మీట దొరికింది. అంచనాను వెనక్కి తీసుకోవచ్చు, సంఘటన జరిగిన తర్వాత మాత్రమే.

అధికారి ఇంకో రెండుసార్లు నొక్కాడు. తర్వాత పని వేళ అయిపోయిందన్నాడు.

పెట్టెలాయనకు పచ్చటిక్కు పడింది. డిపోలో చెక్క ఇచ్చారు. మంగలి వచ్చి బల్ల మీద కూర్చుని కడుపారా దగ్గాడు. అన్నీ సర్దుకున్నాయని భార్య అంది. పెట్టెలాయన మాత్రం కొత్త చెక్క ముట్టుకోలేదు. అందులో అధికారి ఎంచిన ఖరీదైన రకం పలకలు కూడా డిపోవాళ్ళు లెక్క ప్రకారం వేసి పంపారు.

మూడు నెలల గడువు దగ్గర పడుతుండగా ఒక మధ్యాహ్నం అధికారి కొట్టుకు వచ్చాడు. కాలరు వదులైంది. టీ ఇస్తే తాగలేదు. తనకు రోజూ శాఖనుంచి మెసేజీలు వస్తున్నాయని, తన పేరుతో పెట్టె ఎవరూ అడగలేదని ఒక చీటీ రాసిమ్మని అడిగాడు. పై ఆఫీసుకు వెళ్ళలేదా అని బావమరిది అడిగితే, వెళ్ళాడట. ఫిర్యాదులు చూసేది అంచనాల అధికారేనని అక్కడ చెప్పారట.

బావమరిది రాసిన చీటీ మీద పెట్టెలాయన వేలిముద్ర వేసి ఇచ్చాడు. ఆయన జన్మలో ఎవరికీ ఏదీ ఇంత సంతోషంగా ఇచ్చింది లేదు. బావమరిది చీటీని ఫొటో తీసి పంపాడు. జవాబు ఈసారి వెంటనే వచ్చింది. అధికారి తన ఫోన్ చూడలేక అతని చేతికిచ్చాడు. అతను పైకి చదివాడు.

"మీ విన్నపం పరిశీలించడమైనది. మీ పేరు మీద పన్ను ముందే అందినందున పేరు తొలగించుట వీలు కాదు. సదరు వడ్రంగి తప్పేమీ లేదు, జాప్యం మీ వైపునుంచే ఉన్నది. గడువు దాటి ఎన్నాళ్ళు జీవించదలచుకున్నారో అంచనా వేసి, అందుకు తగిన జరిమానా ముందుగానే చెల్లించగలరు."