సైంధవం తెచ్చిన అల్లుడు

ఫ్రిజ్‌లు బాగుచేసే అల్లుడుగారు ఆ ఆదివారం కడుపునిండా తిని, ఓ కునుకు తీసి, సాయంత్రం మామగారి ఉపన్యాసానికి వెళ్లి వెనక వరుసలో కూర్చుందామనుకున్నాడు. మామగారు రిటైరైన తెలుగు మాస్టారు. గ్రంథాలయంలో గుర్రానికున్న పాత పేర్ల గురించి మాట్లాడబోతున్నారు. నలుగురూ వాడే మాట ఆయన నోట రాదు. అర్థం అడిగితే మాత్రం మనిషిని ఎగాదిగా చూస్తారు.

ఇంతలో ఫోన్ మోగింది.

"బాబూ, వచ్చేటప్పుడు కాస్త సైంధవం పట్టుకురా. అది లేకపోతే ఇవాళ నా పరువు దక్కదు," అన్నారు మామగారు బొంగురు గొంతుతో.

'పాపం, ఎంత ఉద్వేగంలో ఉన్నారో!' అనుకుని, "అలాగే మామయ్యగారూ!" అనేశాడు అల్లుడు. భార్యను అడుగుదామంటే ఆవిడ ఫోన్ ఎత్తలేదు. బీరువా మీది నిఘంటువు దించి చూశాడు. 'సైంధవము: గుర్రము' అని ఉంది. పక్కనే ఇంకో అర్థం కూడా ఉంది గానీ, గుర్రం చూశాక అతని కళ్లు అంతదూరం వెళ్లలేదు.

స్వారీ నేర్పే ఒకావిడ ఇంట్లో ఫ్రిజ్ ఆ మధ్యే బాగుచేశాడు. వెళ్లి కాళ్లావేళ్లా పడ్డాడు.

"మంచిదే, ఎవర్నీ ఏమీ అనదు. పూలు కనిపిస్తే మాత్రం ఆగదు," అంటూ కళ్లెం అందించిందావిడ.

గుర్రం వెనక వీధి వీధంతా నడిచింది. గ్రంథాలయం గుమ్మంలో లైబ్రేరియన్ అడ్డుపడ్డాడు.

"చెప్పులతోనే లోపలికి రానివ్వం. ఇది నాలుగు కాళ్లకీ ఇనుము వేసుకొచ్చింది!"

అప్పటికే గుర్రానికి మామగారి మెడలోని దండ కనబడింది. లైబ్రేరియన్‌ను పక్కకు నెట్టి, అల్లుణ్ణి ఈడ్చుకుంటూ సరాసరి వేదిక దగ్గరికెళ్లి, దండ నమలడం మొదలుపెట్టింది.

మామగారి నోరు కదిలింది గానీ మాట పైకి రాలేదు. అల్లుడు చెవి దగ్గరగా పెట్టాడు.

"ఉప్పురా నాయనా, ఉప్పు! పుక్కిలిద్దామని అడిగాను! సింధు దేశం నుంచి వచ్చేవి కాబట్టి ఉప్పునీ సైంధవమన్నారు, గుర్రాన్నీ సైంధవమన్నారు!"

"ఏమంటున్నారండీ మాస్టారు?" అని జనంలోంచి ఎవరో అరిచారు.

అల్లుడు విన్నది విన్నట్టు గట్టిగా చెప్పాడు. హాలు చప్పట్లతో మారుమోగింది. ఇక మామగారు చెవిలో గొణగడం, అల్లుడు అరిచి చెప్పడం. అయిదుగురు కునికిపాట్లు పడుతున్న సభ కాస్తా కిటికీలదాకా నిండిపోయింది.

అధ్యక్షులవారు ఆనందం పట్టలేకపోయారు.

"వచ్చే నెల ఏనుగు పేర్లు పెట్టుకుందాం మాస్టారూ. అల్లుడుగారు తప్పకుండా రావాలి!"

ఆనాటి నుంచి మామగారు ఫోన్‌లో అల్లుడితో వాడుక భాషే మాట్లాడుతున్నారు.