కూతపెట్టిన చీర

పెళ్లిబట్టల బేరానికి ఏ చీర కట్టుకెళ్లాలో తేలక సౌందర్య పొద్దున్నే మంచం నిండా చీరలు పరిచింది. చివరికి కాబోయే వియ్యపురాలు తారాబాయి బొట్టు పెట్టి ఇచ్చిన నెమలికంఠం రంగు చీరే కట్టింది. "హైదరాబాద్ పోయి, దుకాణాలన్ని తిరిగి మీ కోసమే ఏరిన వదినె" అని తారాబాయి ఆ రోజు పదిమందిలో చెప్పింది. దాన్ని కట్టుకుని ఎదురుపడితే ఆమె మనసు కాస్త మెత్తబడుతుందని ఆశ. సంబంధం కుదిరిన దగ్గర్నుంచి తారాబాయి ఏదో ఒక వంక పెడుతూనే ఉంది. కూతురు శృతికేమో పిల్లవాడు తెగ నచ్చాడు. ఈ బేరం సజావుగా సాగకపోతే ఏమవుతుందోనని బోధన్ నుంచి నిజామాబాద్ దాకా బస్సులో శృతి పక్కన కూర్చుని సౌందర్య కొంగు నలుపుతూనే ఉంది.

బట్టల మాల్ గుమ్మం దాటగానే అటూ ఇటూ ఉన్న స్తంభాలు కుయ్యిమన్నాయి. వచ్చినవాళ్లకు ఇక్కడ ఇదొక మర్యాద కాబోలనుకుని, సౌందర్య చిన్నగా తలవంచి లోపలికి నడిచింది.

తారాబాయితో కలిసి బట్టలు కొని బయటికి వస్తుంటే అదే మర్యాద మళ్లీ జరిగింది. ఈసారి గార్డు వేణు అడ్డం వచ్చాడు.

"అమ్మా, జర ఆగుండ్రి. సంచులు గిటియ్యుండ్రి."

సంచులు దాటించాడు. చప్పుడు లేదు. హ్యాండ్‌బ్యాగు దాటించాడు. అదీ మౌనమే. సౌందర్య దాటింది. కుయ్!

"మా ఇంట్ల ఇసొంటియి ఎన్నడు లేవు" అంటూ తారాబాయి నాలుగడుగులు పక్కకు జరిగింది. సంబంధం ఇక గంగలో కలిసినట్టేననుకుంది సౌందర్య.

దుకాణంలో పనిచేసే అమ్మాయి ఆమెను లోపలికి తీసుకెళ్లి, "గిది చుట్టుకోండ్రి, మీ చీర చూస్తం" అని ఓ కొత్త చీర ఇచ్చింది. పరువు దక్కించుకునే ఆత్రంలో సౌందర్య దాన్ని చుట్టుకుని గేటు వైపు పరుగెత్తింది. ఆ చీరకున్న ప్లాస్టిక్ బిళ్ల ఎవరూ తీయలేదు. గేటు ఇంకా గట్టిగా అరిచింది.

"సూసిండ్రా, చీర మార్చినా గదే!" అంది తారాబాయి. జనం మూగారు.

వేణు పాత చీరను వేళ్లతో తడిమి, ఫాల్ కుట్టు కింద గట్టిగా తగిలిన స్టిక్కర్ బయటికి లాగాడు. బోధన్ టైలర్ దాని మీదనే కుట్టేశాడు.

"ఇండ్ల సన్న రేకుంటది. గేటు పిలుస్తది, గిది పలుకుతది. బిల్లు కట్టినంక కౌంటర్ల పలక మీద పెట్టి దీని నోరు మూస్తరు. ఎవ్వలో మర్సిపోయిండ్రు. దొంగ ఎవ్వలో దొర ఎవ్వలో దీనికేం తెల్వది."

"నోరు మూయలేదంటే బిల్లు కట్టనట్టే గద!" తారాబాయి వదల్లేదు.

సౌందర్య ముందుకొచ్చింది.

"వదినె, లోపలికి వస్తుంటే గూడ మోగింది. ఎత్తుకపోయేదైతే వచ్చేటప్పుడెందుకు మోగుతది? ఇంటికాడ కట్టుకొని వచ్చిన. మీరు పెట్టిన చీరనే గిది!"

వేణు స్టిక్కర్ తిప్పి చూశాడు. "గిది మా నిజామాబాద్ దుకాణం పేరే. బిల్లుందా మేడం?" అని తారాబాయినే అడిగాడు.

జనమంతా ఇటు తిరిగారు. తారాబాయి ముఖం కందగడ్డలా అయింది. దొంగతనమన్నా ఒప్పుకోవాలి, హైదరాబాద్ అబద్ధమన్నా ఒప్పుకోవాలి.

"నేను కొనలే! గృహప్రవేశానికి మా ఆడిబిడ్డ పెట్టింది. మడత ఇప్పకుండ మీకు పెట్టిన వదినె!"

ఎవరో కిసుక్కుమన్నారు. సౌందర్యకూ నవ్వొచ్చింది గానీ, శృతి ముఖం చూసి మింగేసింది.

"గంతే గద వదినె! ఎవ్వల ఇంట్ల తిరగయి పెట్టిన చీరెలు? మా బీరువల గూడ ఉన్నయి" అని తారాబాయి చెయ్యి పట్టుకుంది. ఆనాటి నుంచి వంకలన్నీ మాయమయ్యాయి.

పెళ్లి నాడు తారాబాయి సౌందర్యకు కొత్త చీర పెట్టింది, పైన బిల్లు పిన్నుతో గుచ్చి.