రాదని సర్టిఫికెట్

"ఇకమీదట ఏ పసిబిడ్డా తన వయసుకు మించిన మొగ్గ వేయదు" అని క్రీడల మంత్రిగారు సోమవారం ఉదయం ప్రకటించారు. సమావేశ మందిరంలో ఉన్న విలేకరులం పదకొండు మందిమి రాసుకున్నాం. ముప్ఫై మంది చప్పట్లు కొట్టారు. అందరూ శాఖ ఉద్యోగులే.

సంగతి ఏమిటంటే, వచ్చే నెల పిల్లల చీర్‌లీడింగ్ పోటీలు. జట్లుగా కాదు, విడివిడిగా. ఒక్కో బిడ్డ చేతుల్లో రంగుకాగితాల కుచ్చులతో చాప మీదికి వస్తుంది. నిమిషంన్నర సేపు నినాదాలు చెప్పి, గెంతి, కుచ్చులు పక్కనపెట్టి మొగ్గలు వేసి, నవ్వుతూ దిగిపోతుంది. ఆ మొగ్గలకు లెవెల్స్ ఉన్నాయి. మొదటి లెవెల్లో ముందుకు దొర్లే పిల్లిమొగ్గ, చేతుల మీద బండిచక్రంలా తిరగడం. రెండో లెవెల్లో వెనక మొగ్గ. నిలబడ్డచోటి నుంచి వెనక్కి ఎగిరి, చేతులు ఆనించి, మళ్ళీ కాళ్ళ మీద నిలబడాలి. పదేళ్ళలోపు పిల్లలు మొదటి లెవెల్ దాటకూడదని మంత్రిగారి ఉత్తర్వు. లేత ఎముకలు. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. మేమూ పట్టలేదు.

ఉత్తర్వును అమలు చేయాల్సినవారు డైరెక్టరుగారు. ఆయన ఆలోచించే మనిషి. వెనక మొగ్గ వచ్చిన పిల్ల దాన్ని దాచిపెట్టి మొదటి లెవెల్లో పోటీ చేస్తే, రాని పిల్లలకు అన్యాయం కాదా అని ఆయనకు తోచింది. కాబట్టి వచ్చినవాళ్ళు రెండో లెవెల్లోనే పోటీ చేయాలని రాశారు. పదేళ్ళలోపు వాళ్ళకు రెండో లెవెల్ మూసేశారు కాబట్టి, వాళ్ళు పోటీకి రావాలంటే వెనక మొగ్గ రాదని సర్టిఫికెట్ తేవాలని కూడా రాశారు. అదే పద్నాలుగో నంబరు ఫారం.

"రాదని ఎలా తేలుతుంది సార్?" అని అడిగాను.

"వేయమంటాం."

"వేస్తే?"

"వచ్చినట్టు."

"వేయనంటే?"

"దాస్తున్నట్టు."

"మరి సర్టిఫికెట్ ఎవరికిస్తారు?"

"పడ్డవాళ్ళకి. కమిటీ ముగ్గురి కళ్ళెదుట, నిజంగా పడాలి."

ఇది పిల్లల భద్రత కోసం వచ్చిన ఉత్తర్వని గుర్తుచేశాను. ఆ విషయం ఆయన మరిచిపోలేదు. హాలు మూలన స్ట్రెచర్ పెట్టించారు.

నలభై ఆరుగురు పిల్లలు పరీక్షకు వచ్చారు. ముప్ఫై తొమ్మిది మంది కాళ్ళ మీద నిలబడ్డారు. వాళ్ళను అనర్హులుగా ప్రకటించి ఇంటికి పంపారు. ఏడుగురు పడ్డారు. నాలుగు మణికట్లు, రెండు చీలమండలు, ఒక పన్ను. అది పాలపన్నని, ఎలాగూ ఊడేదేనని కమిటీ నివేదికలో రాసింది. ఏడుగురికీ అక్కడికక్కడే సర్టిఫికెట్లిచ్చారు. శాఖలో ఏ కాగితమైనా అదేరోజు చేతికందడం నేను చూడటం అదే మొదలు.

నిలబడ్డవాళ్ళలో బస్సు డ్రైవరు కూతురు ఉంది. తొమ్మిదేళ్ళు. ఇంట్లో, వీధిలో అందరూ పిట్ట అంటారు. ఈ పోటీలో గెలిచినవాళ్ళకు క్రీడా పాఠశాల ఐదో తరగతిలో సీటిస్తారు. ఉన్నది ఒక్కటే సీటు. ఆ సీటు కోసం డ్రైవరు రెండేళ్ళుగా పొద్దుటి డ్యూటీలు మానుకుని సాయంత్రం డ్యూటీలు వేయించుకున్నాడు, పొద్దున్నే పిల్లను కోచ్ దగ్గరికి తీసుకెళ్ళడానికి. అనర్హురాలని కాగితం చేతికిస్తే అతను రెండుసార్లు చదివి, "మా పిల్ల సరిగ్గానే చేసిందిగా సార్?" అని అడిగాడు.

"చాలా బాగా చేసింది. అదే సమస్య" అన్నారు డైరెక్టరుగారు.

పదిహేను రోజుల్లోపు మళ్ళీ ఒక్కసారి పరీక్షకు రావచ్చన్నారు. మూడోసారి ఉండదు.

మర్నాటి నుంచి కోచ్ పిట్టకు పడటం నేర్పింది. నేను వెళ్ళి చూశాను. స్కూలు వెనక రేకుల షెడ్డులో రెండు పరుపులు పరిచి ఉన్నాయి. పిట్ట వెనక్కి ఎగిరింది, నిలబడింది. మళ్ళీ ఎగిరింది, మళ్ళీ నిలబడింది.

"పడవే తల్లీ" అంది కోచ్.

"చేతులు వాటంతటవే వచ్చేస్తున్నాయక్కా."

"వాటి గురించి ఆలోచించకు. ఎక్కాలు చెప్పుకో."

పిట్ట పదమూడో ఎక్కం మొదలుపెట్టి ఎగిరింది. పదమూడు ఆర్లు డెబ్బై ఎనిమిది దగ్గర కాళ్ళ మీద నిలబడింది. పక్కనున్న డ్రైవరు తల పట్టుకున్నాడు. కోచ్ నా వైపు తిరిగి చెప్పింది. "రెండేళ్ళు పడొద్దు పడొద్దని నూరిపోశాను సార్. పదిహేను రోజుల్లో ఎలా మరిపించను?"

అయినా మరిపించింది. ఆమె వృత్తి తెలిసిన మనిషి. మొదటివారం పిట్ట మోకాళ్ళ మీదికి దిగింది. రెండోవారం పక్కకు ఒరిగింది. పదమూడోరోజుకు గాల్లోంచి భుజం మీద వాలి, ఒక దొర్లు దొర్లి, వెల్లకిలా పడుకుని పైకప్పు చూడగలిగింది. డ్రైవరు కళ్ళు తుడుచుకున్నాడు.

రెండో పరీక్షలో పిట్ట అలాగే పడింది. కమిటీలో ఇద్దరు సంతకానికి కలం తీశారు. డైరెక్టరుగారు వాళ్ళను ఆపి, పిల్లను లేవమన్నారు. మోచేతులు చూశారు. ఎక్కడా గీత లేదు. నియమావళి తీయించి ఇరవై నిమిషాలు చదివారు. దెబ్బ తగలకుండా పడటమన్నది నాలుగో లెవెల్ నైపుణ్యమని అందులో ఉంది.

పోయిన పరీక్షలో రెండో లెవెల్లో ఉన్న పిల్ల పదిహేను రోజుల్లో నాలుగో లెవెలుకు చేరింది. శాఖ చరిత్రలో ఇంత వేగంగా ఎదిగిన క్రీడాకారిణి లేదని డైరెక్టరుగారే నాతో అన్నారు. దరఖాస్తు తిరస్కరించారు.

గురువారం అదే హాల్లో, పరీక్ష చాప తీయకుండానే, మంత్రిగారి ప్రజాదర్బారు. పిల్లను బడికి పంపి డ్రైవరు అర్జీ పట్టుకుని వచ్చాడు. వరసలో అతనిది నలభయ్యో నంబరు. మంత్రిగారు అర్జీ అంతా చదివించుకుని విన్నారు.

"మీ అమ్మాయికి పడటం రాదంటావు."

"రాదండి. చాలా కష్టపడిందండి."

"పడటానికి కష్టపడటం ఏమిటయ్యా? నేలకు దాని పని తెలుసు. మనిషి ఊరుకుంటే చాలు."

"పిల్ల ఊరుకోలేకపోతోందండి."

కూర్చుని సమస్యలు వినే మంత్రులను చాలామందిని చూశాను. లేచి, చెప్పులు విడిచి, కళ్ళజోడు పీయే చేతికిచ్చి, అర్జీదారు కోసం చాప మీదికి నడిచిన మంత్రిని అప్పుడే చూశాను. ఆయనకు అరవై రెండేళ్ళు. డైరెక్టరుగారూ కమిటీ సభ్యులిద్దరూ గౌరవంగా లేచి నిలబడ్డారు.

"ఇటు చూడు. ఇలా వెనక్కి వెళ్ళాలి. చేతులు రానివ్వకూడదు. ఇంటికెళ్ళి అమ్మాయికి చెప్పు" అన్నారు మంత్రిగారు. చెప్పిన మాట చెప్పినట్టు చేసి చూపించారు. చేతులు రాలేదు. కుడిచెయ్యి మాత్రం ఆలస్యంగా వచ్చింది. విరిగింది అదే.

ముందుగా పరుగెత్తి ఎత్తింది డ్రైవరే. స్ట్రెచర్ సిద్ధంగా ఉండటం వల్ల ఒక్క నిమిషం కూడా వృథా కాలేదు. మంత్రిగారిని తీసుకెళ్ళాక డైరెక్టరుగారు కుర్చీలో కూర్చుని ఆలోచించారు. ఇది ప్రమాదమైతే విచారణ ఉంటుంది. చాప ఎవరు వేయించారు, ఎవరు అనుమతించారు, సంతకం ఎవరిది అని అడుగుతారు. సంతకం ఆయనదే. ప్రమాదం కాకపోతే, పరీక్ష. చాప ఉంది, కమిటీ ముగ్గురూ ఉన్నారు, ముగ్గురూ కళ్ళారా చూశారు.

పద్నాలుగో నంబరు ఫారం తెప్పించారు. టైపిస్టు పేరు కొట్టి ఆగింది.

"వయసు సార్?"

"తొమ్మిది."

టైపిస్టు తలెత్తింది.

"ప్రజాజీవితంలో తొమ్మిదేళ్ళమ్మా. కొట్టు."

దరఖాస్తుదారుకు వెనక మొగ్గ రాదని ముగ్గురూ సంతకాలు చేశారు. ఆ వాక్యంలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. భద్రతా పరీక్షను స్వయంగా ఎదుర్కొన్న మంత్రి అని సాయంత్రానికల్లా శాఖ ప్రకటన వచ్చింది. మేము అచ్చు వేశాం. డ్రైవరు అర్జీ మీద "పరిశీలించవలెను" అని రాసి ఉందని ఆ తర్వాత తెలిసింది.

పోటీలరోజు స్టేడియం నిండింది. పదేళ్ళలోపు విభాగంలో సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు ఎనిమిది మంది. ఏడుగురు పిల్లలు ప్రేక్షకుల్లో కూర్చున్నారు, ఆరుగురు కట్లతో. పన్ను ఊడిన బిడ్డతో సహా అందరికీ ఆరువారాల విశ్రాంతి అవసరమని డాక్టరు రాసిచ్చాడు. ఎనిమిదో అభ్యర్థి ముఖ్య అతిథిగా వేదిక మీద ఉన్నారు. చాప ఖాళీగా ఉంది. జనం ఈలలు మొదలుపెట్టారు.

డైరెక్టరుగారు నియమావళి మళ్ళీ తీశారు. నిబంధనలన్నీ పోటీకే. పోటీకి ముందు జరిగే వినోద ప్రదర్శనకు ఏ లెవెలూ లేదు. చూడటానికి వచ్చిన పిట్టను మైకులో పిలిచారు.

"ఏం చేయాలి సార్?" అంది పిట్ట.

"నీకు వచ్చిందంతా చెయ్యమ్మా. అడ్డేమీ లేదు."

పిట్ట కుచ్చులు ఊపింది, నినాదం చెప్పింది, చాప ఈ చివర నుంచి ఆ చివరికి వరసగా ఏడు వెనక మొగ్గలు వేసి నిలబడింది. స్టేడియం లేచి నిలబడింది. డ్రైవరు మాత్రం కూర్చునే ఉన్నాడు. డైరెక్టరుగారు కూడా చప్పట్లు కొట్టి, పక్కనున్న నాతో అన్నారు. "చూశారా? ఇలాంటి పిల్లను మొదటి లెవెల్లో వదిలితే మిగతావాళ్ళ గతేమిటి?"

తర్వాత పోటీ జరిగింది. మంత్రిగారు విరిగిన చెయ్యి మెడకు వేలాడదీసుకుని చాప మీదికి వచ్చి, ఎడంచేత్తో కుచ్చు పట్టుకుని నిమిషంన్నర ఊపారు. మొగ్గ ఒక్కటీ వేయలేదు. లెవెల్ దాటలేదు కాబట్టి జడ్జీలు ఒక్క మార్కూ కోయలేదు. పోటీలు ఒక్క గాయం కూడా లేకుండా ముగిశాయని డైరెక్టరుగారు ప్రకటించారు. విజేతకు క్రీడా పాఠశాల ఐదో తరగతిలో సీటు కూడా ప్రకటించారు. మంత్రిగారు ప్రజల కోరిక మేరకు అంగీకరించారు.

పతకం ఇవ్వవలసిన ముఖ్య అతిథీ ఆయనే. ఒంటిచేత్తో తన మెడలో తనే వేసుకోవడం కుదరలేదు. ఫొటోగ్రాఫర్లు తొందరపెడుతున్నారు. దగ్గర్లో ఉన్న పిట్టను పిలిచి పతకం చేతికిచ్చారు. మంత్రిగారు వంగారు.

పిట్ట పతకం ఆయన మెడలో వేసింది.

"తాతా, ఆరోజు నేను బళ్ళో ఉన్నాను, చూడలేదు. మీరు ఏం చేస్తే సర్టిఫికెట్ ఇచ్చారు?"

మంత్రిగారు కెమెరాల వైపు చూస్తూనే జవాబిచ్చారు. "పడ్డానమ్మా."

పిట్ట ఆయన కాలరు కింద రిబ్బను సర్దింది.

"నాకది రాలేదు" అంది.