స్నానాల గదిలో కోడలు

ఆ ఉదయం అత్తగారు పెట్టుకున్న పని ఒక్కటే: బ్యాంకాయన వచ్చేలోగా, ఇంట్లో లేని కోడల్ని ఇంట్లో ఉన్నట్టు చేయడం.

కోడలికి వేరే ఊరికి బదిలీ అయింది. అక్కడ అద్దెగదిలో ఆమె, ఇక్కడ తల్లి దగ్గర కొడుకు. మళ్ళీ అందరూ ఒకచోట ఉండాలని కోడలి ఊళ్ళో ఒక ఫ్లాటు చూసుకుని, ఇద్దరి జీతాల మీదా లోను అడిగారు. అమ్మేవాడు సాయంత్రం దాకా ఆగుతానన్నాడు. ఆ తర్వాత ఇంకెవరికో ఇచ్చేస్తాడు. అంతా సవ్యంగానే జరిగేది, పక్కవాటా కుట్టుమిషనావిడ నోరు విప్పకపోతే.

"మొగుడొక ఊళ్ళో, పెళ్ళామొక ఊళ్ళో ఉంటే విడిపోయారనే రాసుకుంటారు పిన్నిగారూ. ఇంక లోనిచ్చినట్టే!"

కొడుకు హడలిపోయి భార్యకి ఫోన్ చేశాడు. "నీ గదికీ ఎవరో వస్తారట. మనం కలిసే ఉంటున్నామని చెప్పు, చాలు," అని పెట్టేశాడు. ఏ ఇంట్లో కలిసి ఉంటున్నారో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు.

అత్తగారు కోడలి పాత చెప్పులు వెతికి గుమ్మంలో పెట్టారు. బీరువాలోని ఆమె బట్టలు తీసి, శుభ్రంగా ఉన్నవాటినే తడిపి ఆరేశారు. అన్నీ కుదిరాయి, మనిషే తక్కువ. దాంతో కుట్టుమిషనావిడకి కోడలి ఆకుపచ్చ నైటీ తొడిగి, స్నానాల గదిలోకి తోశారు.

"కుళాయి తిప్పుకుని కూర్చో. మధ్యమధ్యలో దగ్గుతుండు."

"తలుపేసుంటుందిగా, నైటీ ఎందుకూ?"

"దగ్గులో తేడా రాకుండా!"

బ్యాంకాయన వచ్చి, కుర్చీలో కూర్చుని ఫైలు తెరిచాడు. "మేడమ్ ఉన్నారా?"

"ఉంది నాయనా, స్నానం చేస్తోంది." లోపల్నుంచి దగ్గు వినిపించింది.

"ఆవిడ ఉద్యోగం వేరే ఊళ్ళో కదమ్మా?"

"రోజూ వెళ్ళొస్తుంది."

"పోనూ రానూ ఒక రోజు పడుతుంది కదండీ!"

"అందుకేగా పాపం, అంతసేపు స్నానం."

ఆయన ఇంకేదో అడిగేలోగా ఫోన్ మోగింది. కోడలి గదికి వెళ్ళిన బ్యాంకమ్మాయి వీడియోలోకి వచ్చింది.

"సార్, మేడమ్ నా ఎదురుగానే ఉన్నారు. వాళ్ళాయన స్నానం చేస్తున్నారట."

బ్యాంకాయన, ఎదురుగా కాఫీ తాగుతున్న కొడుకుని తేరిపార చూశాడు. కొడుక్కి పొలమారింది.

"ఆయన ఇక్కడున్నారమ్మా. స్నానం చేస్తున్నది మేడమ్."

"మేడమ్ ఇక్కడున్నారు సార్!"

"మరి ఈ దగ్గెవరిది?"

కొడుకు ఫోన్ లాక్కున్నాడు. "నీ బాత్రూంలో ఎవరే?"

"నువ్వే!" అంది కోడలు. "అక్కడెవరు?"

"నువ్వే!"

సరిగ్గా అప్పుడే కుళాయి ఆగింది. తలుపు తెరుచుకుని, తడిసి ముద్దయిన కుట్టుమిషనావిడ బయటికొచ్చింది.

"ట్యాంకు ఖాళీ పిన్నిగారూ. దగ్గి దగ్గి గొంతు పోయింది. ఆయన వెళ్ళాడా?"

"మిషనక్కా! నా నైటీ ఏంటి నీ ఒంటిమీద?" ఫోన్లోంచి కోడలు కేక పెట్టింది.

"ముందు నీ బాత్రూం తలుపు తియ్యి!" అన్నాడు కొడుకు.

బ్యాంకమ్మాయి తీసింది. బకెట్టు పొంగిపోతోంది, కొక్కేనికి మగవాళ్ళ ప్యాంటు వేలాడుతోంది, మనిషి మాత్రం లేడు.

"ఆ ప్యాంటెవరిది?"

"నీదే! మొన్నొచ్చినప్పుడు మర్చిపోయి వెళ్ళావు. కలిసే ఉంటున్నామని చెప్పమన్నావుగానీ ఎక్కడో చెప్పావా? ఎప్పుడూ సగం మాటే!"

"ఆ సగం మాత్రం ఏనాడైనా విన్నావా?"

అత్తగారు చాప మీద కూలబడ్డారు. "అందర్నీ ఒక ఇంట్లో చూసుకుందామనుకున్నాను నాయనా. నా చేతులారా చెడగొట్టాను."

బ్యాంకాయన తల పట్టుకున్నాడు. "బదిలీ కాగితం మా ఫైల్లోనే ఉందమ్మా. ఉద్యోగం కోసం వేరే ఊళ్ళో ఉంటే మాకేం అభ్యంతరం లేదు. ఆవిడ ఇక్కడ లేదంటే సంతకం పెట్టి వెళ్ళిపోయేవాణ్ణి. ఇప్పుడు ఇద్దరు దరఖాస్తుదారులు నలుగురయ్యారు. ఏమని రాయను?"

ఫోన్లో పోట్లాట ఆగలేదు. ప్యాంటు దగ్గర్నుంచి పెళ్ళిలో అలిగిన మేనమామ దాకా వెళ్ళి, మళ్ళీ నైటీ దగ్గరికొచ్చింది. బ్యాంకాయన కాసేపు చెవొగ్గి విన్నాడు. మెల్లగా ఆయన ముఖం తేటపడింది. కలం తీశాడు.

"సందేహమే లేదమ్మా. వీళ్ళు కాపురం చేస్తున్న భార్యాభర్తలే," అంటూ సంతకం పెట్టాడు.

చీకటి పడకముందే లోను మంజూరైంది. కొత్త ఫ్లాటులో స్నానాల గదులు రెండు. ఇంటికి ఎవరొచ్చినా అత్తగారు ముందు ఆ రెండు తలుపులూ తీసి చూపించి, ఆ తర్వాతే కూర్చోమంటారు.