పొగగొట్టంలో పెనిమిటి

యాపిల్ పెట్టెలన్నీ లారీలెక్కి వెళ్లిపోయాక, మొదటి మంచు పడేలోగా, కోట్‌ధార్‌లో ప్రతి మగవాడూ ఒకసారి తన ఇంటి కప్పు వంక చూసి నిట్టూరుస్తాడు. హిర్దారామ్ ఆ ఏడాది నిట్టూర్పుతో ఆగలేదు. పొద్దున్నే రెండో గ్లాసు టీ తాగి, ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుని, "ఈరోజు పొగగొట్టం సంగతి నేనే తేలుస్తాను" అన్నాడు.

భార్య మథురా దేవి పిండి కలుపుతూ తలెత్తకుండానే, "నోఖ్‌రామ్ మిస్త్రీ వస్తానన్నాడు కదండీ" అంది.

"ఎప్పుడన్నాడు?"

"కిందటి దసరాకి."

"దానికి ముందు దసరాకీ అన్నాడు. వాడొచ్చేలోగా గొట్టమే కిందికొస్తుంది."

అది కోపంలో అన్న మాటే అయినా అబద్ధం కాదు. దొరలు కట్టిన పాత బంగళాకి ఎవరో నడిమధ్యన గోడ పెట్టి రెండిళ్లు చేశారు. ఒకవైపు అటవీ శాఖ గుమాస్తాగా రిటైరైన హిర్దారామ్, రెండోవైపు శివ్‌దయాళ్ కుటుంబం. ఇళ్లు రెండైనా కప్పు మీద ఇటుకల పొగగొట్టం ఒక్కటే. దాని లోపల రెండు దారులు, మధ్యలో ఒక్క ఇటుక మందాన అడ్డుగోడ. రాత్రి ఇటుకల్లోకి ఇంకిన నీరు తెల్లారేసరికి గడ్డకట్టి ఉబ్బుతుంది, ఎండ తగలగానే కరుగుతుంది. ఏళ్ల తరబడి అలా ఉబ్బీ కరిగీ ఆ ఇటుకలు టీలో ముంచిన బిస్కెట్లలా తయారయ్యాయి. కిందటి చలికాలంలో పొగ పైకి పోవడం మానేసి గదిలోకే రావడం మొదలుపెట్టింది. మథురా దేవి దగ్గి దగ్గి ఒకసారి పొయ్యి పక్కనే సొమ్మసిల్లి పడిపోయింది. హిర్దారామ్ ఆ విషయం ఎవరికీ చెప్పలేదు గానీ మరచిపోనూ లేదు.

చిక్కంతా రెండో సగంతోనే. శివ్‌దయాళ్ పోయాక ఆ ఇంట్లో అతని భార్య కౌలా దేవి ఒక్కతే ఉంటోంది. ఇంట్లో మరిది కర్మ్‌చంద్‌కి కూడా వాటా ఉంది. కింది బజారులో బట్టల దుకాణం నడిపే ఆ కర్మ్‌చంద్, ఇంటిని హోటలు కట్టేవాడికి అమ్మేద్దామని వదిన ప్రాణం తీస్తున్నాడు. "అమ్మే ఇంటికి మరమ్మతులెందుకు వదినా" అంటూ తమ వైపు ఒక్క ఇటుకనీ ముట్టనివ్వడు. ఒకే గొట్టంలో సగం బాగుచేయడమంటే, ఒక్క కాలికే చెప్పు తొడుక్కుని కొండ దిగడం లాంటిది. అయినా హిర్దారామ్ సున్నమూ ఇటుకపొడీ కలిపిన తట్ట ఒకటి సిద్ధం చేసుకున్నాడు.

"నువ్వు పొయ్యి దగ్గర కూర్చో. నేను పైనుంచి గొట్టంలోకి మాట్లాడతాను. మసి పడుతోందో, వెలుతురు కనిపిస్తోందో, అడిగినదానికి జవాబు చెప్పు. అంతే నీ పని."

"అడగనిదానికి?"

"అదెలాగూ చెప్తావు."

ఆ మొగుడూ పెళ్లాలకి తెలియని సంగతి ఒకటుంది. గొట్టం లోపలి అడ్డుగోడ కిందటి శీతాకాలంలోనే కూలిపోయింది. కూలిన ఇటుకలన్నీ హిర్దారామ్ వైపు దారిలో ఇరుక్కుని, దానికి బిరడా వేసినట్టు కూర్చున్నాయి. పైనుంచి గొట్టంలోకి ఏది వేసినా, చెత్తయినా మాటయినా, నేరుగా కౌలా దేవి పొయ్యిలోకే వెళ్తుంది.

ఆ సమయానికి కౌలా దేవి పొయ్యి ముందు కూర్చుని రాజ్మా ఏరుతోంది. ఇంకా మంట వెయ్యలేదు.

"వింటున్నావా?" అంది పొయ్యి.

రాజ్మా పళ్లెం చేతిలోంచి జారింది. "ఎవరూ?"

"ఎవరేమిటి, నేనే. నేను కాక ఇక్కడ ఇంకెవరుంటారు?"

గొట్టంలోంచి వచ్చేసరికి ఎవరి గొంతైనా నూతిలో గొంతులాగే ఉంటుంది. పైన టోపీలో ఇరుక్కున్న చెవులకి కింది గొంతూ అంతే.

"ఎక్కడున్నారు?"

"పైనే ఉన్నాను. ఇప్పుడే చేరాను. దారంతా జారుడు."

"చేరడానికి ఇంతకాలం పట్టిందా?"

ఆలస్యమైందని భార్య ఎత్తిపొడుస్తోందనుకున్నాడు హిర్దారామ్. "నా వయసులో నువ్వొచ్చి చూడు, తెలుస్తుంది."

కౌలా దేవి పొయ్యికి దగ్గరగా జరిగి, "ఎలా ఉంది అక్కడ?" అంది.

"ఏం చెప్పమంటావు. అంతా పాడైపోయింది. ఎన్నేళ్లయిందో ఎవడూ పట్టించుకున్న పాపాన పోలేదు. చెయ్యి వేస్తే చాలు గోడలు రాలిపోతున్నాయి. పైగా చలి."

"చలా? అక్కడ వేడిగా ఉంటుందేమో అనుకున్నాను."

"వేడెక్కడిది, గాలి కోసేస్తుంటే. నువ్వూ ఒకసారి పైకి రా, చూద్దువుగాని."

"నాకప్పుడే వద్దండీ," అంది కౌలా దేవి. "మనవరాలి పెళ్లి చూడాలి."

పెళ్లి ఊసు ఎందుకొచ్చిందో హిర్దారామ్‌కి బోధపడలేదు. కాపురంలో బోధపడని మాటలు చాలానే విన్నవాడు కనుక, గాలికి చాటుగా గొట్టం వెనక్కి చేరి ఇటుకలు గోకడంలో పడ్డాడు.

కౌలా దేవి కొంతసేపు పొయ్యి వంక చూస్తూ నిలబడింది. తర్వాత కిటికీ తెరిచి, పాలు పోసి వెళ్తున్న శంకరీని పిలిచింది. "మా ఇంటి పొయ్యిలోంచి మాటలు వినిపిస్తున్నాయి. మా ఆయనలాగే ఉంది. పరుగెత్తుకెళ్లి కర్మ్‌చంద్‌ని పిలుచుకురా."

శంకరీ పరుగెత్తిన మాట నిజమే గానీ, దారిలో ప్రతి గుమ్మం దగ్గరా ఆగి పరుగెత్తింది. కర్మ్‌చంద్ కంటే ముందు సగం ఊరు వచ్చింది. ఆసుపత్రి కాంపౌండరు చెప్పులు బయట విడిచి, పొయ్యి ముందు మఠం వేసుకుని కూర్చున్నాడు.

"మా నాన్న అక్కడ బాగున్నాడేమో అడగండి పిన్నీ" అన్నాడతను కౌలా దేవితో.

"అక్కడ ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగింది ఆవిడ.

"నేనొక్కణ్ణే," అంది గొంతు. "ఒక కాకి ఉంది. పొద్దుట్నుంచీ నన్నే చూస్తోంది."

కాంపౌండరు భోరుమన్నాడు. పక్కవాళ్లు వీపు నిమిరారు.

వచ్చినవాళ్లకి ఏదైనా పెట్టాలి కదా అని కౌలా దేవి వంటింట్లో గ్యాసు మీద, లోపల కూరు పెట్టిన గోధుమపిండి సిడ్డూలు ఆవిరి పట్టిస్తానంది. అంతమందికి సరిపడా పెద్ద డేగిశా అటక మీద ఉంది. ఇద్దరు మగవాళ్లు బయటికెళ్లి, ఇంటి గోడకి ఆనించి ఉన్న నిచ్చెన కనిపిస్తే, ఎవరో పుణ్యాత్ముడిదనుకుని లోపలికి మోసుకొచ్చారు.

అప్పుడొచ్చాడు కర్మ్‌చంద్. అన్న ఉన్ని కోటు వేసుకుని, ఇదంతా ఆడవాళ్ల భ్రమ అనే ముఖంతో వచ్చాడు. "ఏదీ, పలకమను చూద్దాం" అన్నాడు.

కౌలా దేవి పొయ్యిలోకి వంగి గట్టిగా, "ఏమండీ, ఈ ఇల్లు అమ్మేయమంటారా?" అంది.

పైన హిర్దారామ్ చేతిలోని తాపీ ఆగిపోయింది. పొయ్యి దగ్గర కూర్చోమన్నందుకు ఇల్లు అమ్మేదాకా వెళ్లిందేమిటి ఈవిడ అనుకున్నాడు. "ఇల్లు అమ్మడమా? ఎవడు ఎక్కించాడు నీకా మాట?"

"మీ తమ్ముడే."

హిర్దారామ్‌కీ ఒక తమ్ముడున్నాడు, రాంపూర్‌లో. "వాడా? వాడికి సిగ్గులేదు. ముందు నా కోటు నాకిచ్చేయమను. అడగకుండా పట్టుకుపోయి దర్జాగా వేసుకు తిరుగుతున్నాడు."

గదిలో ఉన్నవాళ్లందరూ కర్మ్‌చంద్ కోటు వంక చూశారు. కర్మ్‌చంద్ కూడా చూసుకున్నాడు. తర్వాత ఒక్కో బొత్తామూ విప్పి, కోటుని మడిచి, పొయ్యి ముందు పెట్టాడు.

"తప్పయిపోయింది అన్నయ్యా" అన్నాడు సన్నగా. ఆ మాట గొట్టం దాకా వెళ్లలేదు.

"ఆయనకి ఇంకేం కావాలో అడుగు వదినా."

ఆవిడ అడిగింది. "నాకు కావాల్సింది ఒక్కటే," అని గర్జించింది పొయ్యి. "మంచు పడేలోగా ఈ పొగగొట్టం రెండు వైపులా బాగుపడాలి. సిమెంటు పూయడం కాదు, పాడైన ఇటుకలు తీసి సున్నంతో కట్టాలి. అప్పటిదాకా నేనిక్కణ్ణించి కదలను."

"నేనే దగ్గరుండి కట్టిస్తాను," అన్నాడు కర్మ్‌చంద్, ఇటుకల మీద అరచెయ్యి పెట్టి. "ఇల్లు అమ్మను. అందరూ సాక్షులే. ఆయన్ని మాత్రం కదలమను."

ఇక్కడితో అయిపోవలసిన కథే. కానీ అవతలి ఇంట్లో, ఒక్క మాటా వినపడని పొయ్యి ముందు, మథురా దేవి కూర్చుని కూర్చుని ఒక కునుకు తీసి లేచింది. "ఏమండీ" అని పైకి పిలిస్తే జవాబు లేదు. పనిమధ్యలో టీకి బజారుకి పోయాడని తిట్టుకుంది. పక్కింట్లో సందడి వినిపించి వెళ్తే, శివ్‌దయాళ్ గారు మాట్లాడుతున్నారని చెప్పి ఆవిడని ముందువరసలో కూర్చోబెట్టారు.

"మథురా," అంది పొయ్యి.

ముందువరసలో మథురా దేవి కొంగు సర్దుకుంది.

"మథురా, పలకవేం? ఆకలేస్తోంది. సిడ్డూ చేసి పెట్టు. నెయ్యి నీ చేత్తో ఎప్పుడూ వేసినట్టే వెయ్యి."

అన్ని తలలూ మథురా దేవి వైపు తిరిగాయి. చచ్చి పైకి పోయినవాడు పెళ్లాన్ని వదిలేసి పక్కింటావిణ్ణి సిడ్డూ అడగడం ఆ ఊరు ఎప్పుడూ ఎరగదు. శంకరీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేనాయనకి మంచినీళ్లు కూడా ఇచ్చి ఎరగను," అంది మథురా దేవి, మొహం కందిపోయి. అంతలో ఆ ముఖంలో రంగు దిగిపోయింది. "ఇది శివ్‌దయాళ్ గారు కాదు. మా ఆయన."

ఆవిడ బయటికి పరుగెత్తింది. గోడ దగ్గర నిచ్చెన లేదు. గొట్టం వెనక కూర్చున్న మనిషి కింది నుంచి కనిపించడు. టీ దుకాణంలోనూ లేడు. ఉన్న మనిషి లేడు, పోయినవాడి పొయ్యిలోంచి ఆయన గొంతు వస్తోంది. రెండూ కలిపి చూసుకుని, మథురా దేవి పెరట్లో కూలబడి ఏడ్చింది. నిజంగా ఏడ్చింది. తనకి దగ్గొస్తోందని, చలికి కూడా జంకకుండా తనకోసమే పైకెక్కాడని చెప్పుకుని ఏడ్చింది.

లోపల కాంపౌండరు ధైర్యం చేసి పొయ్యిలోకి వంగాడు. "హిర్దారామ్ బాబాయ్, నువ్వూ అక్కడే ఉన్నావా?"

"ఇంకెక్కడుంటాను? దిగుదామంటే నిచ్చెన లేదు. ఎవడ్రా తీసింది?"

"అక్కణ్ణించి ఎవరూ దిగలేరు బాబాయ్," అన్నాడు కాంపౌండరు, కళ్లు తుడుచుకుంటూ. "మనసు కుదుటపరుచుకో. కొత్తలో అలాగే ఉంటుంది."

హిర్దారామ్ పోయాడన్న కబురు కింది బజారుకి చేరేసరికి, గొట్టం మీదనుంచి పడి పోయాడని కూడా చేరింది. అందరికంటే ముందు రొప్పుకుంటూ వచ్చినవాడు నోఖ్‌రామ్ మిస్త్రీ. అడ్డదారిన ఇంటి పై మలుపు దాకా ఎక్కి కిందికి దిగుతుంటే అతనికి కప్పు అవతలి వైపు కనిపించింది. అక్కడ హిర్దారామ్ సున్నం తట్ట ఒళ్లో పెట్టుకుని, వణుకుతూ కూర్చుని ఉన్నాడు.

"అయ్యగారూ, మీరక్కడేం చేస్తున్నారు?" అన్నాడు మిస్త్రీ. "నేను మీ చావుకొచ్చాను."

హిర్దారామ్ అతన్ని తేరిపార చూశాడు. "రెండు దసరాలు పిలిస్తే రాలేదు. ఇలా చెప్పి ఉంటే అప్పుడే వచ్చేవాడివన్నమాట."

నిచ్చెన వెనక్కి వచ్చింది. హిర్దారామ్ మసితో నల్లగా, సున్నంతో తెల్లగా దిగుతుంటే కొందరు దణ్ణం పెట్టారు, కొందరు దూరం జరిగారు. మథురా దేవి ఊరందరి ముందూ అతని చొక్కా పట్టుకుని వదల్లేదు. కర్మ్‌చంద్ మెల్లగా ముందుకొచ్చాడు. అతని కళ్లలో ఏదో లెక్క మొదలైంది.

"అయితే ఇంతసేపూ ఆ గొట్టంలోంచి మాట్లాడింది..."

హిర్దారామ్ నోరు తెరిచాడు. తెరిచిన నోట్లో కౌలా దేవి నెయ్యి కారుతున్న వేడి సిడ్డూ ఒకటి కుక్కింది.

"చూశావా కర్మ్‌చంద్," అంది ఊరంతా వినేలా. "నువ్వు మాటిచ్చావో లేదో, మీ అన్నయ్య ఈయన్ని వెనక్కి పంపేశారు. మాట తప్పితే ఈసారి ఎవరిని పిలుస్తారో."

కర్మ్‌చంద్ లెక్క అక్కడితో ఆపేశాడు. హిర్దారామ్‌కి నమలడం పూర్తయ్యేసరికి అతను నోఖ్‌రామ్ మిస్త్రీ రెక్క పట్టుకుని ఇటుకల గురించి మాట్లాడుతున్నాడు.

జనం వెళ్లిపోయాక ముగ్గురూ కౌలా దేవి వంటింట్లో కూర్చున్నారు.

"మొదట ఉలిక్కిపడ్డాను వదినా, అబద్ధమెందుకు," అంది కౌలా దేవి మథురతో. "కానీ మా ఆయన బతికున్నన్నాళ్లూ నేను నాలుగుసార్లు పిలిస్తే గానీ పలికేవారు కాదు. ఈ గొంతేమో అడిగినదానికల్లా జవాబిస్తోంది. అప్పుడే అనుకున్నాను, ఇది వేరేవాళ్ల మొగుడని."

"మరి ఊరందర్నీ ఎందుకు పిలిచావమ్మా?" అన్నాడు హిర్దారామ్.

"నేను పిలిచింది కర్మ్‌చంద్‌ని ఒక్కణ్ణే. ఊరు దానంతటదే వచ్చింది."

"నేను అమ్మేయమని ఉంటే?"

"అమ్మేయమనే మనిషి ఇంత పొద్దున్నే ఆ గొట్టం ఎందుకెక్కుతాడు అన్నయ్యా?"

నోఖ్‌రామ్ మిస్త్రీ మర్నాడే పని మొదలుపెట్టాడు. ఊడిపోయిన ఇటుకలు తీశాడు, ఎప్పుడో ఎవరో పూసిన సిమెంటంతా చెక్కేశాడు, అడ్డుగోడ కొత్తగా లేపాడు, కొన మీద మంచు నిలవకుండా పలకరాయి కప్పాడు. కర్మ్‌చంద్ దుకాణం మూసి మరీ దగ్గరుండి చూసుకున్నాడు. గొట్టం మూతికి మాత్రం ఎప్పుడూ ఎదురుగా నిలబడలేదు. మొదటి మంచు పడిన రోజు రెండిళ్ల పొగా నిటారుగా ఆకాశంలోకి లేచింది. మథురా దేవి దగ్గలేదు.

కర్మ్‌చంద్ మాత్రం కింది బజారులో తన ఇంటి పొగగొట్టంలోకి పాత పరుపొకటి కుక్కి, చలికాలమంతా నాలుగు రజాయిలు కప్పుకుని గడిపాడు.