ఎర్రగుండీ

తూకం గుమాస్తా ఆ ఉదయం తలపెట్టిన పని ఒక్కటే: తెల్లచొక్కా వేసుకుని, పార్సెల్ ఆఫీసు గ్రూప్ ఫోటోలో ఓ మూల నిలబడి, మళ్ళీ కాటా దగ్గరికి పోవడం.

ఆ చొక్కాకి రెండో గుండీ ఎర్రది. తెల్లది ఊడిపోతే, ఇంట్లో మరొకటి లేక భార్య కుట్టింది. "ఇదేం రంగే? నవ్వుతారు" అంటే, దారం పంటితో తెంపి, "నవ్వనీండి. జనంలో మిమ్మల్ని వెతుక్కోవద్దూ?" అంది. ఆమె పోయింది. గుండీ ఉంది. ఆఫీసులో అతని పేరే ఎర్రగుండీ అయింది.

చూస్తే కొక్కేనికి చొక్కా లేదు. చెల్లెలు నిన్ననే వీధి చివరి టైలరుకి ఇచ్చిందట.

"ఫోటోలో అందరూ ఒకేలా ఉండాలన్నారటగా అన్నయ్యా. గుండీలన్నీ ఒకేలా కుట్టమన్నాను."

"నన్నడిగావా?"

"అడిగితే ఇస్తావా?"

టైలరు మాట తప్పలేదు. అన్నీ ఒకేలా కుట్టాడు. అన్నీ ఎర్రవే.

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ!"

"తెల్లవి అయిపోయాయి బాబాయ్. ఎర్రవి డబ్బాడు మూలుగుతున్నాయి. మీకిష్టమైన రంగేగా?"

వేరే తెల్లచొక్కా లేదు. అదే వేసుకెళ్ళాడు. నవ్వడానికి అందరూ నోళ్ళు తెరిచారు. అంతలో మేనేజరు అతణ్ణి ఎగాదిగా చూసి, "అదీ! మన పార్సెల్ లక్కముద్ర రంగు! ఒక్కరికీ తట్టలేదేం?" అన్నాడు. తెరిచిన నోళ్ళు మెచ్చుకోవడానికి పనికొచ్చాయి.

ఫోటో సాయంత్రానికి వాయిదా పడింది. ఆఫీసంతా ఎర్రగుండీల కోసం టైలరు మీద పడింది. ఎర్రగుండీ అని పేరు పెట్టిన కేషియరైతే, "మొదట్నించీ నాకీ రంగంటే ప్రాణం" అంటూ చేతులక్కూడా కుట్టించుకున్నాడు.

గుమాస్తాకి ఒళ్ళు మండింది. ఊరందరి గుండీల్లో ఆమె గుండీ కలిసిపోయింది. టైలరు కొట్లో బనీనుతో కూర్చుని చొక్కా తిరగేశాడు. అన్నీ మిషను కుట్లు. ఒక్కదాని వెనక మాత్రం నల్లదారం, కందిరీగ గూడంత ముడి. ఆమె చేతి ముడి ఎప్పుడూ అంతే. వికారంగా ఉండేది, ఊడేది కాదు.

"దీని జోలికి రాకు. మిగతావి తెల్లవి పెట్టు."

"తెల్లవి లేవన్నానుగా బాబాయ్!"

"వాళ్ళందరివీ పీకావుగా. అవి కుట్టు."

సాయంత్రం వరసలో అతణ్ణి చూసి మేనేజరు నెత్తి కొట్టుకున్నాడు. "మళ్ళీ మీరొక్కరే తేడానా!"

ఫోటోగ్రాఫరు అప్పటికే నొక్కేశాడు.

ఆ ఫోటోలో అతణ్ణి వెతుక్కోవడం చాలా తేలిక. వెతుక్కునే మనిషే లేదు.